పొట్టి సంతకం

మా వీధి చివర పెద్దమ్మ ఉంటుంది. సొంత పెద్దమ్మ కాదు, ఊరి వరస. నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ ఆవిడ తాడు పేనుతూనే కనిపించేది. కాలవలో నెలల తరబడి నానిన కొబ్బరి డొక్కల్ని కర్రతో కొట్టి పీచు తీయడం, ఆరబెట్టడం, అరచేతుల మధ్య వేసి నలుపుతూ పురి ఎక్కించడం. కోనసీమలో ఆ పని చేసినవాళ్ళని చేతులు చూసి గుర్తుపట్టెయ్యొచ్చు. అరచెయ్యి మొద్దుబారి ఉంటుంది, వేళ్ళ కొసలు మాత్రం సన్నికల్లు పొత్రంలా నున్నగా అయిపోతాయి. ఎండలో పట్టి చూస్తే అడ్డంగా రెండు మూడు పగుళ్ళు కనపడతాయి గానీ, మనందరికీ ఉండే సుడులు కనపడవు.

నిరుడు వానల్లో ఆవిణ్ణి బండి మీద రేషన్ షాపుకి తీసుకెళ్ళాను. డీలరు మిషన్ ముందుకి జరిపాడు. దానికి వైరుతో తగిలించిన చిన్న డబ్బా, డబ్బా మీద తపాలా బిళ్ళంత అద్దం. పెద్దమ్మ కుడి బొటనవేలు పెట్టింది. ఎర్ర లైటు. చూపుడువేలు పెట్టింది. ఎర్ర లైటు. "చీరకి తుడుచుకోండి" అన్నారు వెనకనుంచి. తుడుచుకుంది. "అలాక్కాదండీ, తల్లో రాసుకుని ఆ జిడ్డుతో పెట్టాలి." రాసుకుంది. "గట్టిగా నొక్కు." "గట్టిగా నొక్కితే అసలు పడదు, తేలిగ్గా పెట్టాలి." నిమ్మచెక్కతో రుద్దుకుని రమ్మన్నవాళ్ళు కూడా ఉన్నారు. లైన్లో ఉన్న ప్రతివాళ్ళ దగ్గరా ఒక చిట్కా ఉంది, అంటే ప్రతివాళ్ళకీ ఎప్పుడో ఒకప్పుడు ఈ ఎర్ర లైటు తగిలిందన్నమాట. పది వేళ్ళూ అయ్యాయి. ఆవిడ వేలు తీసినప్పుడల్లా, అదేదో చెయ్యరాని పని చేసినట్టు, దాని వంక చూసుకుంటోంది.

"పడట్లేదండీ, రేపు పొద్దున్నే తీసుకురండి. చల్లటిపూట ఒక్కోసారి పడుద్ది" అన్నాడు డీలరు. గాలానికి చేప పడుద్దన్నట్టే అన్నాడు.

ముసలివాళ్ళకి ఇంటికే తెచ్చి ఇస్తున్నారుగా అని మీరు అడగొచ్చు. నిజమే. 2025 జూన్‌లో మన రాష్ట్రంలో రేషన్ బండ్లు తీసేసి సరుకులు మళ్ళీ షాపుల్లో ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు, 65 దాటినవాళ్ళకీ దివ్యాంగులకీ గడప దగ్గరకే చేర్చాలన్నారు. పెద్దమ్మకి డెబ్భై ఉంటాయి. కార్డులో 61. పుట్టినరోజు జనవరి 1. మా ఊళ్ళో ఆవిడ ఈడువాళ్ళు చాలామంది జనవరి 1నే పుట్టారు. వయసు ఉజ్జాయింపుగా చెప్పి తారీఖు చెప్పలేని వాళ్ళందరికీ కంప్యూటర్ ఇచ్చిన పుట్టినరోజు అది. 96 తుఫానుకి ముందు ఏడాది ఆవిడ పెద్దకూతురికి పెళ్ళి చేసింది, పిల్లకి అప్పటికి పద్దెనిమిది నిండాయి. కార్డు లెక్కన చూస్తే ఆ పిల్లని ఈవిడ పదమూడో ఏట కని ఉండాలి. ఊళ్ళో ఎవరిని పిలిచి అడిగినా ఇందులో తప్పెక్కడుందో నిమిషంలో చెప్పేస్తారు. వాళ్ళ మాట రాసుకునే గడి మాత్రం ఆ ఫారంలో లేదు.

ఈ మిషన్లు నాకు తెలియనివి కావు. నేను తిన్న జీతం వీటిదే.

వేలిముద్ర సరిపోల్చడమంటే రెండు బొమ్మల్ని ఒకదానిమీద ఒకటి పెట్టి చూడడం అనుకుంటారు చాలామంది. మిషన్ వెతికేది వేరు. వేలి మీది గీత ఎక్కడ ఆగిపోయింది, ఎక్కడ రెండుగా చీలింది అన్నదే దానికి కావాలి. ధవళేశ్వరం దాటగానే గోదావరి గౌతమి, వసిష్ఠ అయిపోతుంది. ఇంకాస్త కిందకొస్తే వసిష్ఠలోంచి వైనతేయ విడిపోతుంది. కాగితం మీద ఊళ్ళూ పేర్లూ ఏమీ రాయకుండా ఆ చీలికలూ, పాయలు సముద్రంలో కలిసే చోట్లూ చుక్కలు పెట్టి చూపించినా, ఇది మన డెల్టా అని మనం పోల్చేస్తాం. మిషన్ మన వేలిని పోల్చేదీ అలాగే. పాత చుక్కలకీ కొత్త చుక్కలకీ ఎంత కుదిరిందో చూసి ఒక స్కోరు వేస్తుంది. ఆ స్కోరు ఫలానా అంకె దాటితే మీరు మీరే. దాటకపోతే మీరు కాదు.

ఆ ఫలానా అంకె ఎంతన్నది మాత్రం ఎవరో ఒక మనిషి కూర్చుని పెడతాడు. పైకి జరిపితే దొంగలతోపాటు అసలు మనుషులు కూడా బయట ఉండిపోతారు. కిందకి దింపితే అసలు మనుషులతోపాటు దొంగలూ లోపలికొస్తారు. ఒకే మిషన్ మీద ఈ రెండు తప్పుల్నీ ఒకేసారి తగ్గించడం కుదరదు, ఒకటి తగ్గిస్తే రెండోది పెరుగుతుంది. కాబట్టి ఆ అంకె పెట్టడమంటే ఎవర్ని ఇబ్బంది పెట్టాలో ముందే తేల్చుకోవడం. ఏసీ గదిలో ఆ అంకె మార్చడానికి అర నిమిషం పడుతుంది. నేను మార్చాను కాబట్టి తెలుసు.

పదేళ్ళ కిందటి మాట. హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో హాజరు మిషన్ల సాఫ్ట్‌వేర్ రాసేవాణ్ణి. మన వైపు రొయ్యల ఫ్యాక్టరీ ఒకటి మా కస్టమరు. ఒకరి హాజరు ఇంకొకరు వేసేస్తున్నారని యాజమాన్యం గోల పెడితే అంకె పైకి జరిపాం. వాళ్ళ ఫిర్యాదు ఆగింది. రెండు వారాలకి ఇంకొకటి వచ్చింది: షిఫ్టు మారే వేళ ఆడవాళ్ళు మిషన్ దగ్గరే ఉండిపోతున్నారు, ఒక్కొక్కరూ ఐదారుసార్లు వేలు పెట్టాల్సి వస్తోంది అని. గంటల తరబడి ఐసులో పెట్టిన రొయ్యలకి తలలు తీసి, పొట్టు ఒలిచే చేతులవి. నాని, ముడతలు పడి, పొట్టు గీరుకుని ఉంటాయి. దాన్ని బగ్గుల జాబితాలో ఎక్కించి, ప్రయారిటీ దగ్గర 'లో', అంటే తక్కువ, అని నేనే పెట్టాను. ఎందుకంటే మా ఆఫీసులో పదిహేను మందిమీ వేళ్ళు పెట్టి పరీక్షించాం, అందరివీ మొదటిసారే పడ్డాయి. కీబోర్డు తప్ప ఇంకేమీ అరగదీయని వేళ్ళు మావి!

మిషన్ దగ్గర పది నిమిషాలు ఆలస్యమైతే అక్కడ అరపూట కూలి కోసేస్తారని నాకు ఎన్నో ఏళ్ళ తర్వాత తెలిసింది. బస్సులో పక్కన కూర్చున్న ఒకమ్మాయి మాటల్లో చెప్పింది. అది నేను రాసిన సాఫ్ట్‌వేరేనని ఆ అమ్మాయికి చెప్పలేదు. చెప్పాల్సింది.

ఇక్కడ మా నాన్నగారి సంగతి చెప్పాలి. ఆయన లంక ఊళ్ళో బ్రాంచి పోస్టుమాస్టరుగా చేశారు. ఇంటి వీధరుగే పోస్టాఫీసు. ఒక చెక్కపెట్టె, ముద్ర, ఇంకు బిళ్ళ, లెక్కల పుస్తకం. చిన్నప్పుడు సాయంత్రాలు పక్కన కూర్చుని కూడికలు సరిచూసేవాణ్ణి. మొదటిరోజే ఆయన చెప్పిన సూత్రం ఒకటుంది. అంకె తప్పు రాస్తే రబ్బరు ముట్టకూడదు, బ్లేడుతో గీకకూడదు, దానిమీదే దిద్దకూడదు. ఒక్కటంటే ఒక్క అడ్డగీత కొట్టాలి, అదీ కింద అంకె కనపడేలా. పైన సరైన అంకె వెయ్యాలి. పక్కన పొట్టి సంతకం పెట్టాలి.

"ఇంతోటి దానికి సంతకం ఎందుకండీ?" అని అడిగాను ఒకసారి.

"రేపు ఇన్‌స్పెక్టరు గారొచ్చి ఇదేంటయ్యా అంటే, ఎవరో ఒకరు లేచి నిలబడాలి కదరా" అన్నారు.

2024లో బ్రిటన్ పోస్టాఫీసుల ఉదంతం ప్రపంచమంతా మారుమోగినప్పుడు ఆయనకి కూర్చోబెట్టి చెప్పాను. అక్కడ 1999 నుంచి హొరైజన్ అనే కంప్యూటర్ వ్యవస్థ పెట్టారు, ఫుజిత్సు కంపెనీది. బ్రాంచి పోస్టుమాస్టర్ల లెక్కల్లో లేని లోటు చూపించేది. మీ ఒక్కరికే ఈ సమస్య, ఇంకెవరికీ రాలేదే అని ప్రతివాళ్ళకీ చెప్పారు. కొందరు ఇళ్ళు తాకట్టు పెట్టి ఆ లేని లోటు పూడ్చారు. 900 మందికి పైగా దొంగతనం, లెక్కల తారుమారు లాంటి నేరాల కింద దోషులుగా తేలారు, వాళ్ళలో కొందరు జైలుకెళ్ళారు, కొందరు ప్రాణాలు తీసుకున్నారు. కంప్యూటర్ సరిగ్గానే పనిచేస్తోందని ముందే నమ్మేసి, కాదని నిరూపించుకోవడం నిందితుడి వంతు చేసింది అక్కడి చట్టం. ఆ సాఫ్ట్‌వేర్‌లో లోపాలున్నాయని లండన్ హైకోర్టు తేల్చేసరికి 2019 డిసెంబరు వచ్చింది. ఆ శిక్షల్ని మూకుమ్మడిగా కొట్టేస్తూ పార్లమెంటు చట్టం చేసేసరికి 2024 మే.

నాన్నగారు అంతా విని, "మరి వాళ్ళ దగ్గర పుస్తకం లేదా?" అన్నారు.

"పుస్తకం కూడా కంప్యూటర్లోనే నాన్నగారూ. పైగా ఆ కంపెనీవాళ్ళు ఎక్కడో కూర్చుని, పోస్టుమాస్టరుకి తెలియకుండా అందులో అంకెలు మార్చగలరట."

"సంతకం లేకుండానా!" అన్నారు. జైళ్ళ గురించి చెప్పినప్పుడు కూడా ఆయన మొహం అలా మారలేదు.

నా గొడవంతా ఆ ఒక్క మాటే. మిషన్ తప్పు చేస్తుందన్నది నాకు పెద్ద అభ్యంతరం కాదు. నాన్నగారూ తప్పులు చేశారు, ఆయన పుస్తకం నిండా అడ్డగీతలే. ఆ తప్పు దిద్దే అధికారం, దిద్దినందుకు జవాబు చెప్పే బాధ్యత, ఎదురుగా కూర్చున్న మనిషి చేతిలో ఉండేవి. మనం కంప్యూటర్ పెట్టినప్పుడు తప్పుల్ని పూర్తిగా తీసెయ్యలేకపోయాం గానీ, ఆ మనిషిని మాత్రం తీసేశాం. ఇప్పుడు డీలరు "నాదేముందండీ, మిషన్ తీసుకోవట్లేదు" అంటాడు. పై ఆఫీసులో "పైనుంచి సర్వర్ అండీ" అంటారు. సర్వర్ దగ్గర కూర్చున్న నాలాంటివాడు "రిక్వైర్‌మెంట్‌లో అలాగే ఉంది" అంటాడు. ముగ్గురమూ నిజమే చెబుతున్నాం.

పాతకాలం బంగారమని నేననటంలేదు. మిషన్లు రాకముందు రేషన్ షాపు ఎలా ఉండేదో మా ఊరివాళ్ళకి తెలుసు. చచ్చిపోయినవాళ్ళు నెలనెలా కిరసనాయిలు తీసుకెళ్ళేవారు. స్టాకు రాలేదంటే రాలేదంతే, మర్నాడు అదే బియ్యం రాత్రిపూట లారీ ఎక్కేది. పుస్తకాల్లో సంతకాలు పెట్టినవాళ్ళే దొంగసంతకాలూ పెట్టారు. మిషన్ వచ్చాక అందులో కొంత తగ్గిందన్నది నిజం. మా పక్కింటి కుర్రాడు హైదరాబాద్‌లో మేస్త్రీ పనికెళ్ళి అక్కడే రేషన్ తీసుకోగలుగుతున్నాడు, పుస్తకాల కాలంలో అది కలలో మాట. కాకపోతే వేలిముద్ర చెప్పేది మనిషి వచ్చాడన్న ఒక్క సంగతే. తూకంలో ఎంత తగ్గిందో అది చెప్పదు. నొక్కే చేతివాటం ఉన్నవాడు మిషన్ పక్కన కూర్చుని కూడా నొక్కుతాడు.

ఎన్నిసార్లు పడదు అన్నదానికి ఒక అంకె ఉంది. ఆధార్ కేసు నడుస్తున్నప్పుడు, 2018 మార్చిలో, ప్రభుత్వ సేవల్లో ధ్రువీకరణ 88 శాతం సఫలమవుతోందని ఆధార్ ఇచ్చే సంస్థే సుప్రీంకోర్టుకి చెప్పింది. పరీక్షలో 88 వస్తే డిస్టింక్షన్. మిగతా 12 అందరిమీదా సమానంగా పడితే నేనూ పెద్దగా మాట్లాడేవాణ్ణి కాదు. ఒక నెల నాకు, ఒక నెల మీకు, సర్దుకుపోదుం. అది అలా పడదు. తాడు పేనేవాళ్ళు, డొక్క ఒలిచేవాళ్ళు, సిమెంటు కలిపేవాళ్ళు, నెలంతా బురదలో ఊడ్పులు ఊడ్చేవాళ్ళు, వయసు మీదపడినవాళ్ళు... తిప్పి తిప్పి ఆ మనుషుల మీదే పడుతుంది. ఎవరికి బియ్యం అవసరం ఎక్కువో వాళ్ళ వేళ్ళే ఎక్కువ అరిగి ఉంటాయి. మన డెల్టాలో ఈ రెండింటికీ ఉన్న లంకె చెప్పడానికి పెద్ద సర్వేలు అక్కర్లేదు.

చట్టానికి ఈ సంగతి తెలియదా అంటే తెలుసు. 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు 4-1 తీర్పుతో పథకాలకి ఆధార్‌ని సమర్థించినప్పుడు, వేలిముద్ర పడలేదన్న కారణంతో అసలైన లబ్ధిదారుణ్ణి వెనక్కి పంపకూడదన్న మాట కూడా చెప్పింది. మన రాష్ట్రంలో రేషన్‌కి, ముద్ర పడనివాళ్ళ తరఫున వీఆర్వో తన వేలు వేసే పద్ధతి ఒకటి ఉండేది. నాకు బాగా నచ్చిన ఏర్పాటు అది. ఈవిణ్ణి నేనెరుగుదును, పూచీ నాది అని ఒక మనిషి చెప్పడం. అచ్చం నాన్నగారి పొట్టి సంతకమే, కాకపోతే వేలితో. చిక్కల్లా ఆ వీఆర్వో ఏ రోజు ఏ మీటింగులో ఉంటాడోనన్నదే.

నెట్ గురించి కూడా ఒక మాట, పక్కదారి అయినా సరే. 2022 మే 24న జిల్లా పేరు గొడవతో అమలాపురం తగలబడ్డాక కోనసీమలో దాదాపు రెండు వారాలు ఇంటర్నెట్ ఆపేశారు. నేనప్పుడు ఇంటినుంచి పనిచేస్తున్నాను. లాప్‌టాప్ సంచిలో వేసుకుని ఎదుర్లంక వైపు ఏటిగట్టుకి పోయేవాణ్ణి, గౌతమికి అవతల యానాం టవరు సిగ్నల్ అందుతుందని. నాలాంటివాళ్ళు చెట్ల కింద చాపలు పరుచుకుని మీటింగుల్లో కూర్చునేవారు. టీవీలవాళ్ళొచ్చి తీశారు, పాపం సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళు అని పేపర్లలో వేశారు. ఆ రెండు వారాల్లో నాకు టెన్షన్ తప్ప నష్టమేమీ జరగలేదు, జీతం పైసా తగ్గలేదు. నెలనెలా ఎర్ర లైటు తిని ఇంటికెళ్ళే ఆవిడ ఫోటో ఏ పేపర్లోనూ రాలేదు. అన్నట్టు, నెట్ ఆపే ఉత్తర్వుల్ని జనానికి తెలిసేలా ప్రచురించాలని కాశ్మీర్ కేసులో సుప్రీంకోర్టు 2020 జనవరిలోనే చెప్పింది. ఎవరు సంతకం పెట్టారో చూపించండి అనేగా దానర్థం.

ఇప్పుడు నేను వేరే కంపెనీలో ఉన్నాను. మనిషిని గుర్తుపట్టే ఏ పని వచ్చినా మీటింగులో ఒకటే అడుగుతున్నాను: మిషన్ కాదన్నాక అవుననే బటన్ ఎవరి చేతిలో ఉంటుంది? మా మేనేజరుకి నేనంటే ఇష్టమే గానీ ఈ ప్రశ్నంటే విసుగు. "అది లూప్‌హోల్ అయిపోతుంది బాబాయ్, అందరూ అదే నొక్కుతారు" అంటాడు. నొక్కనీ. నొక్కినవాడి పేరు, వేళ, కారణం అక్కడ పడతాయి. నెలకి ఎనభైసార్లు నొక్కినవాడి దగ్గరకెళ్ళి ఏంటయ్యా ఇది అని అడగొచ్చు. అలా ఇచ్చిన బియ్యంలో దొంగతనం జరిగితే దానికి జాడ ఉంటుంది. పెద్దమ్మ ఖాళీ సంచితో ఇంటికెళ్ళినదానికి ఏ జాడా లేదు. నేను చూసిన రిపోర్టులన్నీ జరిగిన లావాదేవీలవే. జరగనివాటికి లాగ్‌లో, అంటే కంప్యూటర్ రాసుకునే చిట్టాలో, ఒక కోడ్ పడి ఉంటుంది, ఆధార్ ధ్రువీకరణలో అయితే 300, అంటే బయోమెట్రిక్ సరిపోలలేదని. ఆ 300ల్ని మనిషివారీగా తీసి, ఈ ఊళ్ళో ఈ ఆరుగురికి మూడు నెలలుగా పడటంలేదు, వెళ్ళి చూడండి అని చెప్పడం పెద్ద సాంకేతిక ఘనకార్యం కాదు. ఒక మధ్యాహ్నం పని. ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరూ చెయ్యలేదు. నేనూ చెయ్యలేదు, జీతం తీసుకున్న రోజుల్లో.

ముఖంతో గుర్తుపట్టే ఫోన్లు వచ్చేశాయి, వేళ్ళ బాధ తీరిందంటున్నారు. ఒకరోజు ఊరి కుర్రాడొకడు పెద్దమ్మ మొహం ముందు ఫోను పెట్టాడు. ఎదురుగా ఉన్నది ఫోటో కాదు, బతికున్న మనిషేనని తెలియడానికి కళ్ళు ఆర్పమంటుంది అది. "కళ్ళు ఆర్పండి" అన్నాడు. ఆవిడ రెండు కళ్ళూ మూసుకుని, దేవుడి ముందు నిలబడ్డట్టు అలాగే ఉండిపోయింది. "తెరవండి." తెరిచింది. "ఆర్పండి." మళ్ళీ మూసేసింది. ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయింది, రెండోది ఇంకా అవలేదు. నాలుగోసారికి ఇద్దరికీ నవ్వొచ్చింది, నవ్వితే మొహం కదిలిందని ఫోను ఊరుకోలేదు.

రేషన్ షాపుకి మర్నాడు చల్లటిపూట మళ్ళీ వెళ్ళాం. పడలేదు. జనం పల్చబడేదాకా డీలరు మమ్మల్ని బెంచీ మీద కూర్చోమన్నాడు. తర్వాత తలుపు సగం దగ్గరగా వేసి, 5 కిలోలు తూచి పెద్దమ్మ సంచిలో పోశాడు. బస్తాల వెనకనుంచి ఒక లాంగ్‌సైజు నోట్‌బుక్ తీసి, తారీఖు వేసి, ఆవిడ పేరూ కార్డు నంబరూ రాశాడు. పేజీలో అప్పటికే పది పన్నెండు పేర్లున్నాయి. ఒక చోట 10 అని రాసి, అడ్డగీత కొట్టి, పైన 15 వేసి ఉంది. పక్కన పొట్టి సంతకం.

"మా ఇంట్లోవాళ్ళ కార్డుల మీద వచ్చింది వీళ్ళకి సర్దుతానండి. సరిపోకపోతే చేతిది పడుద్ది. చెకింగ్‌కొచ్చి స్టాకు తేడా ఉందంటే మాత్రం కేసు నా మీదేనండి" అన్నాడు.

కాసేపాగి, "మీరు సాఫ్ట్‌వేర్ కదండీ. ఈ పుస్తకం అందులో ఎక్కించుకునే చోటు ఏదన్నా ఉంటాదాండీ?" అని అడిగాడు.

"లేదండీ" అన్నాను.

"ఆయ్" అని, పుస్తకం మూసి మళ్ళీ బస్తాల వెనక పెట్టేశాడు.